నేను తోమేసిన పేరు

ఇంటి వెనక చప్టా మీద కూర్చుని నా మనవరాలు, అంటే మా అనసూయ కూతురు, ఇత్తడి చెంబు తోముతోంది. పులుసు పిండాక మిగిలిన చింతపండు పిప్పిని పారేయకుండా గిన్నెలో దాచడం మా ఇంటి పద్ధతి. నేనున్నంతకాలం అది మారదు. ఆ పిప్పిలో కాస్త ఇటుకపొడి కలిపి రుద్దితే ఎంత నల్లబడ్డ ఇత్తడైనా తేటపడుతుంది. పుల్లటి వాసన కిటికీలోంచి నా మంచం దాకా వచ్చింది. ఆ వాసనకు అందరికీ నోట్లో నీళ్లూరుతాయి. నాకు మాత్రం కుడిచేతి వేళ్లు ముడుచుకుంటాయి. ముప్పై ఏళ్లు దాటినా అంతే. మంచం మీద నుంచే అన్నాను, "ఆ చెంబు మెడకాడ రుద్దకు." "మురికంతా అక్కడనే ఉన్నది అమ్మమ్మా" అంది పిల్ల. "ఉండనీ. చెయ్యి తియ్యి" అన్నాను. నా గొంతు కటువుగానే ఉండి ఉంటుంది. ఎప్పుడూ అలాగే ఉంటుంది. పిల్ల చెంబు పక్కన పెట్టి మూతి ముడుచుకుని కూర్చుంది. ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే శరణమ్మ టీచర్ గురించి చెప్పాలి.

డెబ్బైల చివరి మాట. జహీరాబాద్‌లో మా ఇల్లు ధాన్యం బజారుకు దగ్గర. ఆ బజారును అందరం గంజ్ అంటాం. మా ఆయన అక్కడ కందులూ జొన్నలూ తూకం వేసేవాడు. ఎదురింటి ముందుగదిలోకి ఒక ఎండాకాలం శరణమ్మ టీచర్ దిగింది. హుమ్నాబాద్ వైపు లింగాయతుల కుటుంబం. అప్పటికే ఏడాదిగా మా ఆడపిల్లల బడిలో సోషల్ చెబుతోంది. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. పెళ్లి చేసుకోలేదు. మెడలో వెండి లింగంకాయ, చేతికి మగవాళ్ల గడియారం. ఆమె సామాను దిగుతుంటే గడపలో నిలబడి చూశాను: ఒక ట్రంకుపెట్టె, రెండు గిన్నెలు, ఒక ఇత్తడి చెంబు, తక్కినవన్నీ పుస్తకాలు. ఇంత తక్కువ సామానుతో బతికే మనిషి మీద నాకు ముందే కొంత మర్యాద కలిగింది.

మూడో నాడు మా గడపలోకి వచ్చి, "పాత గుడ్డలు ఉంటే ఇయ్యి సాయమ్మా" అని అడిగింది.

"మా ఇంట్ల పాత గుడ్డలు ఉండయి టీచరమ్మా. చీర చినిగితే బొంత కుడ్త. బొంత చినిగితే మసిగుడ్డ చేస్త. మసిగుడ్డ చినిగితే దీపంల వొత్తి."

"వొత్తి కాలినంక?"

"బూడిద గిన్నెలకు."

ఆమె పెద్దగా నవ్వలేదు గానీ కళ్లు నవ్వాయి. "నీ అసొంటి మనిషే నాకు కావాలె" అంది. గుడ్డలెందుకని అడిగితే ఖబ్రస్థాన్‌లో సమాధి రాళ్లు తుడవడానికట. ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకుపోతుందట. మా అనసూయది తొమ్మిదో తరగతే. అప్పటిదాకా ఆదివారాలు బడిలో డ్రిల్లు అని చెప్పి వెళుతోంది నా కూతురు.

ఆ చోటు ఝరాసంగం పోయే దారిలో, ఊరు దాటగానే, ఎర్రమట్టి దిబ్బ మీద ఉంటుంది. ఒక పక్క ముస్లింల గోరీలు, ఒక పక్క లింగాయతుల సమాధులు. నడుమ గోడ ఉండేదట, ఎప్పుడో కూలిపోయింది. గోడ కూలిన చోట, ఎవరి పక్కకూ చెందకుండా, మోకాలెత్తు రాళ్లు పదకొండు వరుసగా ఉండేవి. వాటిని గత్తర వరుస అనేవాళ్లు. మా దిక్కున కలరాను గత్తర అంటారు. వెనకటి రోజుల్లో ఆ రోగం వచ్చి మనుషులు పోతుంటే, ఎవరు ఏ కులమో ఏ మతమో చూసే తీరిక లేక పూడ్చిన చోటది. నేను పుట్టకముందు సంగతి. తుమ్మముళ్లు కమ్మేసి, మేకలు కూడా పోని చోటు. మా వాళ్లలో ఆడవాళ్లు వల్లకాట్లో అడుగు పెట్టరు. కన్నతండ్రి పోయినా వీధి మలుపు దాకా నడిచి వెనక్కి వచ్చినదాన్ని నేను.

"ఆడపిల్లలను గోరీల కాడికి తోల్కపోతరా టీచరమ్మా? రేపు లగ్గాలు కావాల్సినోళ్లు" అన్నాను. వీధిలోనే అన్నాను, నలుగురూ వినేలా.

"మా దాంట్ల చచ్చినోళ్లను కూసోబెట్టి పెడ్తరు సాయమ్మా, తెలుసు గద. మా అవ్వ గట్లనే కూసున్నది హుమ్నాబాద్‌ల. సెలవులకు పోయినప్పుడు ఆమె కాడ జరసేపు నేను గూడ కూసుంట. కూసున్న మనిషి కాడికి పోయి కూసుంటే లగ్గం ఎందుకు ఆగుతది?"

"మీకు ఆగింది గద" అన్నాను.

అనకూడని మాట. అన్నాక తెలిసింది. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. "నాది ఆగలేదు, నేనే ఆపిన" అని, గడియారం చూసుకుని బడికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నేను రెండు మసిగుడ్డలు ఉతికి ఆమె గుమ్మం మీద పెట్టి వచ్చాను. అనసూయను మాత్రం పంపనన్నాను.

పంపననడం నా వంతు, పోవడం దాని వంతు అయింది. ఒక ఆదివారం మా ఆయన గడ్డం చేసుకుందామంటే గోడకు అద్దం లేదు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క అద్దమే. సబ్బు నురుగు మొహంతో నిలబడి, "అద్దం ఏమైందే?" అని అరుస్తున్నాడు. పక్కింటి పిల్ల చెప్పింది, అనసూయ సంచిలో పెట్టుకుని ఖబ్రస్థాన్‌కు పోయిందని. వల్లకాడు, ఆచారం, ఏదీ గుర్తు రాలేదు నాకు. అద్దం పగిలితే మళ్లీ కొనాలి, అదొక్కటే గుర్తుంది. చెప్పులేసుకుని నడిచాను. కంపలో కొట్టిన దారిలోంచి లోపలికి పోయేదాకా ఎక్కడున్నానో నాకు తోచలేదు.

పదిహేను మంది పిల్లలు ఉన్నారు. కొందరు కంప కొట్టి కుప్ప వేస్తున్నారు. కొందరు చెంబుతో రాయి మీద ఉత్త నీళ్లు పోసి తడిగుడ్డతో అద్దుతున్నారు. రుద్దడం లేదు, పసిపిల్ల మొహం తుడిచినట్టు అద్దుతున్నారు. నీళ్లు పోసే చెంబు టీచర్‌ది. నా అద్దం అనసూయ చేతిలో ఉంది. నా కూతురు ఒక గోరీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఎండను అద్దంలో పట్టి రాయి మీదికి అడ్డంగా కొడుతోంది. నున్నగా, ఏమీ లేనట్టున్న బండ మీద నేను చూస్తుండగానే అక్షరాలు లేచాయి. గీతకు గీత నీడ పడి, లోపల నుంచి ఎవరో పైకి తోసినట్టు లేచాయి. పక్కన కూర్చున్న చాంద్ పాషా, ఆ గోరీలను చూసుకునే ముసలాయన, వేలు ఆనించకుండా గాలిలో వేలు నడుపుతూ ఉర్దూలో పేరు చదివాడు. ఒక పిల్ల దాన్ని తెలుగులో నోటుబుక్కులో ఎక్కించింది. చదివాక చాంద్ పాషా రాయి వంక చూసి, "సలాం భాయ్, ఎన్ని దినాలకు" అన్నాడు, బజారులో ఎదురుపడ్డ మనిషితో అన్నట్టు.

నేను అద్దం అడగలేదు. టీచర్ నన్ను చూసి, ఆశ్చర్యపోకుండా, "రా" అని గత్తర వరుస దగ్గరికి తీసుకుపోయింది. పదకొండు రాళ్లలో పదింటి మీద రాత లేదు, ఉత్త గుండ్రాళ్లు. చివరిది ఒక్కటే చెక్కిన షాబాద్ బండ. నల్లటి నాచు పట్టి, కింద ఒక మూల మాత్రం తేటగా ఉంది. "చదువు" అంది.

"నాకు రాదు. మూడు తరగతులే చదివిన. గివి కన్నడ అక్షరాలు."

"మా అక్షరాలు మీ అక్షరాలు ఒక్క తీరుగనే ఉంటయి. చదువు."

కూర్చున్నాను. మూడు తరగతులు చదివి ముప్పై ఏళ్లు దాటింది. బస్సు బోర్డు తప్ప ఏదీ చదివిన మనిషిని కాను. చాలాసేపటికి అన్నాను, "వ్వ."

"అవును. ఎవరో ఆడమనిషి. ఏదో అవ్వ. మిగిలింది వానలు పడ్డంక చదువుదం. నాచు మెత్తబడి దానంతట అది లేస్తది. అరవై ఏండ్లు ఆగిన రాయి, రెండు నెలలు ఆగదా?"

వానల కంటే ముందు రోడ్డు మాట వచ్చింది. బొంబాయి రోడ్డు నుంచి లారీలు తిన్నగా గంజ్‌కు రావాలంటే ఆ దిబ్బ నడుమ నుంచి దారి తీయాలని ఊరి పెద్దమనుషులు అనుకున్నారు. రెండు పక్కల సమాధులకు వారసులున్నారు కాబట్టి వాటిని ముట్టరు. నడుమ ఉన్న గత్తర వరుస మీదుగా దారి పోతుంది. చెడ్డ ఆలోచనేమీ కాదు. మా ఆయన కూడా దాని పక్షమే. "బండ్ల మీద బస్తాలు మోసి మోసి ఎడ్లు సస్తున్నయి. పేర్లు లేని రాళ్ల కోసం పేర్లు ఉన్నోళ్లం సావాల్నా?" అన్నాడు అన్నం తింటూ.

శరణమ్మ టీచర్ నోటుబుక్కు తీసుకుని పెద్దమనుషుల దగ్గరికి వెళ్లింది. పిల్లలు రాసిన నూట చిల్లర పేర్లున్నాయి అందులో. వాళ్లలో పెద్ద వీరయ్య సేట్, ధాన్యం వ్యాపారి, న్యాయంగానే మాట్లాడాడట. "టీచరమ్మా, నడుమ వరుసల ఒక్క పేరు సూపియ్యండ్రి. ఒక్క పేరున్నా అది మనుషుల జాగ, దారి మల్లిస్తం. లేకపోతే అవి రాళ్లే. శుక్రవారం మేమే వచ్చి చూస్తం." ఆ రోజు సోమవారం. మబ్బు జాడ లేదు. టీచర్ చెంబుడు చెంబుడు నీళ్లు పోసి, తడిగోనె కప్పి నాచును నానబెడుతూ వచ్చింది. బుధవారానికి ఇంకొక్క గీత తేలింది. "శుక్రవారం వరకు అయితదా?" అని అడిగాను. "రాయికి తెల్వాలె" అంది.

నాకు ఆ జవాబు నచ్చలేదు. మురికిని బతిమాలడం నేనెక్కడా చూడలేదు. మా అత్తగారి కాలం నాటి గంగాళాన్ని తేటబరిచిన చెయ్యి నాది. వాడలో ఎవరింట్లో లగ్గమైనా గిన్నెలు తోమే దగ్గర నన్ను కూర్చోబెట్టి నేర్చుకునేవారు. గురువారం పొద్దున అందరూ లేవకముందే చింతపండు పిప్పి, ఇటుకపొడి, కొబ్బరిపీచు కొంగులో కట్టుకుని ఒక్కదాన్నే వెళ్లాను. గోనె తీసి, నాచు మీద పిప్పి మెత్తి, కాసేపు ఆగి రుద్దాను. నాచు నల్లటి నీళ్లై కారింది. నాకు సంబరమైంది. ఇంకా గట్టిగా రుద్దాను. రాయి కింద నుంచి తెల్లగా తేలింది. తేలింది రాయి కాదు, దాని పై పొర. షాబాద్ బండ పాతబడితే పొరలు పొరలుగా విడుతుందని నాకు తెలియదు. పులుపు దాన్ని తింటుందనీ తెలియదు. అరచేయంత పలక నా చేతిలోకి ఊడి వచ్చి, వేళ్ల మధ్య పిండైంది. రాయి వంక చూశాను. అద్దంలా తేటగా ఉంది. దాని మీద ఏమీ లేదు. నాకు చదవడం వచ్చిన ఆ "వ్వ" కూడా లేదు.

అక్కడే కూర్చుండిపోయాను. లేచి ఇంటికి పోయి చేతులు కడుక్కుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. లేచి నాలుగు అడుగులు వేశాను కూడా. ఇంతలో టీచర్, వెనక అనసూయ, ఇంకో ఇద్దరు పిల్లలు కంప దాటి వచ్చారు. టీచర్ రాయిని చూసింది. ముట్టుకుని వేలు వాసన చూసింది. "ఎవరు తోమిన్రు?" అని పిల్లలనే అడిగింది. పిల్లలు బిత్తరపోయారు. అనసూయ మాత్రం నా వంక ఒక్కసారి చూసి తల దించేసుకుంది. ఆ వాసన ఎవరింటిదో దానికి తెలుసు. నా కూతురు నా తప్పును దాచడానికి తల దించుకుంటోందని అర్థమయ్యేసరికి నోరు దానంతట అదే తెరుచుకుంది.

"నేనే టీచరమ్మా."

ఆమె తిట్టి ఉంటే నేను కూడా రెండు మాటలు అని ఇంటికి వెళ్లిపోయేదాన్ని. తిట్టలేదు. రాయి ముందు కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. హుమ్నాబాద్‌లో వాళ్ల అవ్వ దగ్గర ఇలాగే కూర్చుంటుంది కాబోలు అనుకున్నాను. చివరికి నా పిడికిలి విప్పించి, ఆ పిండినీ పలక ముక్కలనూ తన చేతిరుమాలులో కట్టింది.

"ఎందుకు జేసినవ్?"

"మీకు సాయం జేద్దామని."

"గదే భయం నాకు. ముళ్లకంపతోని భయం లేదు, మేకలతోని భయం లేదు. సాయం జేసేటోళ్ల తొందరతోనే భయం" అంది. గొంతు పెంచలేదు. "నువ్వు తోమిన పేరు నువ్వే తేవాలె సాయమ్మా. ఎట్ల తెస్తవో నాకు తెల్వది. ఎనిమిది దినాలు గడువు నేను అడుగుత."

అడిగింది. రాయి చెడింది తన వల్లేనని వీరయ్య సేట్‌తో చెప్పింది. ఆ సంగతి మా ఆయన గంజ్‌లో విని వచ్చి నాకు చెప్పాడు.

ఎనిమిది రోజులు తిరిగాను. అంతకుముందు ఎవరి గడపలోనూ ఊరికే కూర్చోని మనిషిని. పని లేకుండా మాట్లాడేవాళ్లంటే నాకు పడదు. ఇప్పుడు ముసలమ్మ ఉన్న ప్రతి గడపలో కూర్చున్నాను. వాళ్ల మోకాళ్ల నొప్పులు విన్నాను, కోడళ్ల మీద చాడీలు విన్నాను, నడుమ గత్తర సంగతి ఎత్తేదాన్ని. మొదట్లో తిన్నగా అడిగితే ఎవరూ చెప్పలేదు. ఆ ఏడు ఎవరింట్లో ఎవరు ఎవరిని వదిలి పారిపోయారో చెప్పాల్సి వస్తుందని వాళ్ల బాధ. ఆగడం అప్పుడు నేర్చుకున్నాను. ఒక మాట అడిగి, చాలాసేపు ఏమీ అడగకుండా కూర్చోవాలి. తడిగోనె కప్పినట్టు.

ఆరో రోజు ఎవరో అన్నారు, మొగుడంపల్లిలో ఈరమ్మ అనే ముసలామె తల్లి గత్తరలోనే పోయిందని. బస్సులో వెళ్లాను. ఈరమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. చేట ఆపకుండానే విన్నది. గత్తర వరుస అనేసరికి చేట ఆగింది.

"అండ్ల మా అమ్మ ఉన్నది. ఆ చివరి బండకెల్లి లెక్కవెడితే మూడోది. నాకు అయిదేండ్లు అప్పుడు."

"చివరి బండ ఎవరిది అవ్వా?"

"నాగవ్వది" అంది, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు. "బీదర్ దిక్కు మనిషి. బజార్ల జొన్నరొట్టెలు అమ్ముకుంట బతికేది. గత్తరొస్తే అందరు చేన్లకు ఉరికిన్రు. మా నాయిన గూడ మా అమ్మను ఇడిసిపెట్టి నన్ను ఎత్తుకోని ఉరికిండు. నాగవ్వ పోలే. గంజి కాసి ఇంటింటికి తాపింది. పోయినోళ్లను ఆమెనే గుంజకపోయి పూడ్చింది. పదిమందిని. ఆఖరికి ఆమె పోయింది. బతికినోళ్లంత సిగ్గుపడి ఆమెకు బండ ఏపిచ్చిన్రు." మళ్లీ చేట అందుకుంది. కొంచెంసేపటికి, "గా చెక్కిన పేరు చూసినప్పుడల్ల మా నాయిన ఏడ్చెటోడు" అంది.

ఆ పేరు నా చేతుల మీదుగా పోయిందని ఆమెకు చెప్పాను. చెప్పకుండా తిరిగి రావడం కుదరలేదు. ఈరమ్మ నా మొహం చూసింది. "రాయి మీదికెల్లి పోయిందిగని, నా నోట్లకెల్లి పోలే గద. ఎప్పుడు రావాల్నో చెప్పు" అంది.

గడువు నాటికి పెద్దమనుషులు దిబ్బ మీదికి వచ్చారు. గంజ్ వాళ్లు వచ్చారు, వాళ్లలో మా ఆయనా ఉన్నాడు. పిల్లలు ఒక పక్క నిలబడ్డారు. వీరయ్య సేట్ తేటగా ఉన్న రాయిని చూసి, "పేరేది?" అన్నాడు. ఈరమ్మ ఆయనకు జవాబివ్వలేదు. కర్ర పొడుచుకుంటూ వచ్చి, చివరి బండ నుంచి మూడో రాయి దగ్గర చతికిలబడి, కొంగుతో దాని తల తుడిచింది. "ఇది మా అమ్మ. గామె నాగవ్వ. నేను గీడనే కూసుంట, మీరు దారి ఏసుకోండ్రి" అంది. చాంద్ పాషా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. టీచర్ కూర్చుంది. పిల్లలు కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను, మా ఆయన చూస్తుండగానే. నిలబడ్డవాళ్లు గంజ్ వాళ్లే మిగిలారు. కాసేపటికి మా ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని, "మల్లిద్దాం సేట్. ఒక్క మలుపే గద" అన్నాడు.

అందుకే ఇప్పటికీ ఆ రోడ్డు దిబ్బ దగ్గర వంకర తిరుగుతుంది. కొత్త లారీ డ్రైవర్లు తిట్టుకుంటారు. ఎందుకు వంకరో వాళ్లకు తెలియదు.

నాగవ్వ బండను ఎవరూ మార్చలేదు. మళ్లీ చెక్కిద్దామని సేటే అన్నాడు గానీ టీచర్ ఒప్పుకోలేదు. దాని ముందు చిన్న రాయి ఒకటి పాతించి, దాని కింద ఆ రుమాలు మూట పెట్టించింది. ఆ రాయి మీద ముందు సుద్దతో పేరు రాసివ్వాలి, దాని మీద వడ్డెరాయన ఉలి నడుపుతాడు. సుద్ద నా చేతికిచ్చింది. "నా రాత వంకర టీచరమ్మా" అంటే, "వంకరనే ఉండనీ" అంది. మూడు అక్షరాలు రాయడానికి ఒక పొద్దు పట్టింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆమె గదిలో పిల్లల నోటుబుక్కులోని పేర్లు నాతో ఎత్తి రాయించింది. నా చదువంతా ఆ పేర్లతోనే సాగింది. ఇప్పుడు ఇదంతా ఇలా రాస్తున్నానంటే, ఆ చేతితోనే.

ఎనభైల నడుమ ఆమెకు బదిలీ అయింది. ఆదివారాలు ఆగలేదు. ఏటా కొత్త తొమ్మిదో తరగతి వచ్చేది, నేను తీసుకుపోయేదాన్ని. వెళ్లేటప్పుడు, మెడ మీద తన పేరు కొట్టిన ఆ ఇత్తడి చెంబు నాకిచ్చింది. "ఉత్త నీళ్లే" అంది, అంతే. కొన్నేళ్లకు హుమ్నాబాద్ నుంచి కబురు వచ్చింది. నేను వెళ్లాను. ఆమెను కూర్చోబెట్టి, చేతిలో లింగం పెట్టి, గోతిలోకి దించుతుంటే వీధి మలుపు దగ్గర ఆగలేదు నేను. అంచు దాకా పోయాను. మట్టి కప్పి అందరూ వెళ్లిపోయాక జరసేపు కూర్చున్నాను.

పిల్ల ఇంకా మూతి ముడుచుకునే ఉంది. మంచం దిగి చప్టా దగ్గరికి పోయి దాని పక్కన కూర్చున్నాను. చెంబు మీది చింతపండు ఉత్త నీళ్లతో కడిగాను. మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా కొట్టిన కన్నడ అక్షరాలు, సగం అరిగినవి, పొద్దుగూకే ఎండలో పైకి తేలాయి.

"ఇవి ఏం అక్షరాలు అమ్మమ్మా? నాకు రావు."

"వస్తయి. చదువు."

అది చెంబును అటూ ఇటూ తిప్పి, ఎండకు అడ్డంగా పట్టి, పెదవులు కదుపుతోంది. లోపల పొయ్యి మీద పాలున్నాయి, పొంగుతాయేమో. అయినా లేవలేదు. మొదటి అక్షరం దానికి దొరికేదాకా అక్కడే కూర్చున్నాను.